హ్యాండిల్ తిప్పాలా, ఎత్తాలా, మార్చాలా?

హైదరాబాద్ నుంచి విజయవాడకు మోటార్‌సైకిల్ మీద బయలుదేరినవారిలో చాలామందికి సూర్యాపేట దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతాయి, లేదా మెడ వెనక పట్టేస్తుంది. టీ తాగడానికి ఆగినచోట చేతులు విదిలించుకుని ఎలాగో సర్దుకుపోతారు. ఇల్లు చేరిన వారానికి యాక్సెసరీల దుకాణానికి వెళ్లి హ్యాండిల్ కింద పెట్టే దిమ్మెలు, అంటే రైజర్లు కొంటారు, లేదా ఏకంగా హ్యాండిల్‌నే మార్పించేస్తారు. ఈ వరుస నాకు తలకిందులుగా కనిపిస్తుంది. కంపెనీ ఒకే హ్యాండిల్‌ను పొట్టివారికీ పొడుగువారికీ కలిపి బిగించి ఇస్తుంది కనుక అది మన ఒంటికి సరిగ్గా కుదరకపోవడంలో వింతేమీ లేదు. దాన్ని సరిచేసుకోవడానికి నాలుగు మార్గాలున్నాయి: ఉన్న హ్యాండిల్‌నే దాన్ని బిగించి పట్టే క్లాంపులో కొద్దిగా తిప్పడం, క్లాంపు కింద రైజర్లు పెట్టి ఎత్తడం, వేరే ఆకారంలో ఉన్న హ్యాండిల్ వేయడం, క్లిప్‌ఆన్‌లు (రెండు విడి ముక్కలుగా ఉండే హ్యాండిల్) ఉన్న బండి అయితే వాటిని సర్దడం. మొదటిదానికి పైసా ఖర్చు లేదు, పదిహేను నిమిషాల పని. అయినా దాన్ని ప్రయత్నించి చూసినవారు చాలా తక్కువ. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందన్నది బండి మోడల్‌ను బట్టి కాక, ముందుగా ఒంట్లో నొప్పి ఎక్కడ పుడుతోందన్న దాన్ని బట్టి తేలాలి.

నొప్పి ఎక్కడ పుడుతోంది?

బండి మీద మన ఒళ్లు మూడు చోట్ల ఆనుతుంది: సీటు, ఫుట్‌రెస్టులు, హ్యాండిల్. ఒకచోట తగ్గించిన బరువు ఎక్కడికీ పోదు, మిగతా రెండు చోట్ల పంచుకుంటుంది. హ్యాండిల్‌ను ఎత్తి దగ్గరికి తెస్తే ఒళ్లు నిటారుగా అవుతుంది, అరచేతుల మీద భారం తగ్గుతుంది. కానీ ఆ భారమంతా పిరుదుల మీదికీ నడుము కిందిభాగం మీదికీ దిగుతుంది, గుంతలో చక్రం పడినప్పుడు ఆ కుదుపు నేరుగా వెన్నుకు తగులుతుంది. దానికి తోడు, హైవే మీద 90, 100 వేగంలో నిటారుగా ఉన్న ఛాతీ గాలికి తెరచాపలా అడ్డం నిలుస్తుంది కాబట్టి, వెనక్కి పోకుండా ఉండడానికి గ్రిప్పులను లాగి పట్టుకోవలసి వస్తుంది. చేతుల నొప్పి పోగొట్టుకోబోయి నడుము నొప్పి కొని తెచ్చుకున్నవారు ఉన్నారు; కొన్నాళ్లు నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

తిమ్మిరి ఏ వేళ్లకు వస్తోందో గమనిస్తే చాలా సంగతి తెలుస్తుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతుంటే అరచేతి బయటి అంచు మీద బరువు ఎక్కువ పడి, అక్కడి అల్నార్ నరం నొక్కుకుంటోందని అనుకోవచ్చు. ఇలాంటప్పుడు హ్యాండిల్ మరీ కిందికో మరీ ముందుకో ఉండడం సాధారణం. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారుతుంటే మణికట్టు వంగి ఉండడం వల్ల దాని మధ్యగా పోయే మీడియన్ నరం ఇబ్బంది పడుతోందని అర్థం. ఇక్కడ దోషం తరచుగా హ్యాండిల్‌ది కాదు, క్లచ్, బ్రేక్ లివర్ల కోణానిది. బండి దిగి గంటలు గడిచినా తిమ్మిరి వదలకపోయినా, రాత్రి నిద్రలో చేతులు మొద్దుబారినా స్పానర్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంటి దగ్గర చేయదగిన పరీక్ష ఒకటుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, రోజూ వేసుకునే బూట్లతో, మామూలుగా కూర్చునే చోటే కూర్చుని, కళ్లు మూసుకుని, భుజాలు వదులు చేసి చేతులను ముందుకు చాపాలి. అవి తమంతట తాముగా ఎక్కడ ఆగుతాయో అక్కడ గ్రిప్పులు ఉంటే మంచిది. తర్వాత గ్రిప్పులు పట్టుకుని, ఇంట్లోవారితో పక్క నుంచి ఫోన్‌లో ఒక ఫొటో తీయించుకోవాలి. మోచేయి కొద్దిగా వంగి ఉందా, మోచేయి నుంచి పిడికిలి దాకా చేయి ఒకే గీతలా ఉందా, లేక మణికట్టు దగ్గర విరిగినట్టుందా అన్నది ఆ ఫొటోలో కనబడినంత స్పష్టంగా బండి మీద కూర్చున్నప్పుడు మనకు తెలియదు.

తిప్పి చూడడం

గొట్టంలా ఒకే ముక్కగా ఉండే హ్యాండిల్ అయితే, అది రెండు క్లాంపుల మధ్య నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ బోల్టులను పూర్తిగా తీయకుండా వదులు చేస్తే హ్యాండిల్ ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. విప్పే ముందు గొట్టం మీద క్లాంపు అంచు దగ్గర వైట్‌నర్‌తో సన్నని గీత గీసుకోవాలి. కొన్ని బళ్లకు కంపెనీయే అక్కడ ఒక చుక్క గుర్తు కొట్టి ఇస్తుంది. ట్యాంకు మీద పాత దుప్పటి పరచడం మరచిపోకూడదు, ఎందుకంటే చేయి జారిన హ్యాండిల్ పడేది సరిగ్గా అక్కడే.

ఎంత తిప్పాలన్న దగ్గర అంచనా తప్పుతుంది. సాధారణ హ్యాండిల్ గొట్టం వ్యాసం 22 మి.మీ., అంటే చుట్టుకొలత దాదాపు 69 మి.మీ. కాబట్టి గీత క్లాంపు నుంచి 2 మి.మీ. జరిగిందంటే హ్యాండిల్ సుమారు 10 డిగ్రీలు తిరిగినట్టు. గ్రిప్పులు క్లాంపు కంటే 100 మి.మీ. ఎత్తున ఉన్న హ్యాండిల్‌లో ఆ 10 డిగ్రీలు గ్రిప్పులను 17 మి.మీ. దాకా వెనక్కి తెస్తాయి. చేతులకు 17 మి.మీ. చిన్న తేడా కాదు. అందుకని ఒక్కోసారి అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు జరిపి, రెండు మూడు రోజులు నడిపి చూసి, ఆ తర్వాతే మళ్లీ ముట్టుకోవాలి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఈ పోలికకు అదే కీలకం కూడా. గ్రిప్పులు క్లాంపుకు పైనా వెనకా ఉంటాయి కనుక, హ్యాండిల్‌ను మన వైపు తిప్పినప్పుడు అవి దగ్గరికి రావడంతో పాటు కిందికి కూడా దిగుతాయి. ముందుకు తిప్పితే పైకి లేస్తాయి కానీ దూరం జరుగుతాయి. దగ్గరితనం, ఎత్తు రెండూ ఒకేసారి కావాలంటే తిప్పడం వల్ల కాదు. పైగా మరీ వెనక్కి తిప్పితే గ్రిప్పుల చివరలు నేలచూపు చూస్తాయి, మణికట్టు పక్కకు వంగుతుంది, అసలు నొప్పి స్థానంలో కొత్త నొప్పి వస్తుంది.

హ్యాండిల్ కంటే ముందు లివర్లు చూడమని నేను చెప్పేది ఇందుకే. క్లచ్, బ్రేక్ లివర్ల పట్టీలకు ఒకటో రెండో బోల్టులు ఉంటాయి. వాటిని వదులు చేస్తే హ్యాండిల్‌ను కదల్చకుండానే లివర్ల వాలు మారుతుంది. కూర్చుని వేళ్లు చాపినప్పుడు అవి ముంజేతి గీతలోనే లివర్ మీద వాలాలి, వేళ్లు పెట్టడానికి మణికట్టును పైకి మడవవలసి రాకూడదు. నగరంలో గంటకు వందసార్లు క్లచ్ నొక్కేవారికి ఈ ఒక్క మార్పు రైజర్ల కంటే ఎక్కువ ఉపశమనం ఇవ్వడం నేను చూశాను. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ముందు డిస్క్ బ్రేక్ ఉన్న బండికి హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా తిప్పిన తర్వాత కూడా దాదాపు సమతలంగా ఉండాలి, లేకపోతే ఆయిల్ తగ్గినప్పుడు పైపులోకి గాలి చేరే ప్రమాదం ఉంది. చాలా బళ్లలో స్విచ్చుల డబ్బాకు లోపల ఒక చిన్న బుడిపె ఉండి గొట్టంలోని రంధ్రంలో కూర్చుంటుంది కనుక, లివర్‌తో పాటు దాన్ని కూడా బలవంతంగా తిప్పబోతే ప్లాస్టిక్ విరుగుతుంది. అద్దాలు ఎటూ గతి తప్పుతాయి, వాటిని చివర్లో సర్దుకోవచ్చు.

బిగింపు విషయంలో ఊహ పనికిరాదు. 8 మి.మీ. మందం ఉన్న క్లాంపు బోల్టులకు చాలా కంపెనీలు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య టార్క్ (బిగించే బలం) చెబుతాయి, కానీ మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. కొన్ని బళ్లకు ముందు వైపు బోల్టులు పూర్తిగా బిగించి ఆ తర్వాత వెనకవి బిగించాలి, కొన్నిటికి రెండు వైపులా సందు సమానంగా ఉండేలా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. టార్క్ రెంచ్ లేకపోతే తిప్పే పని ఇంట్లో చేసుకున్నా చివరి బిగింపు మెకానిక్ దగ్గర చేయించుకోవడం మేలు.

రైజర్లు

తిప్పి చూసినా ఇంకా దగ్గరికి, ఇంకా పైకి కావాలనిపిస్తే రైజర్ల వంతు వస్తుంది. ఇవి క్లాంపు కింద పెట్టే దిమ్మెలు. కేవలం ఎత్తేవి ఒక రకం. ఎత్తుతూ వెనక్కి కూడా జరిపేవి ఇంకో రకం. దుకాణాల్లో రెండో రకానికి ఎక్కువ ధర చెబుతారు, కానీ మొదటి రకం కూడా కొంత వెనక్కి తెస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది; రైజర్ ఆ వాలు వెంటే పైకి పోతుంది. ఆ వాలు 25 డిగ్రీలు ఉన్న బండిలో 30 మి.మీ. రైజర్ పెడితే గ్రిప్పులు సుమారు 27 మి.మీ. పైకి, 13 మి.మీ. వెనక్కి వస్తాయి. తిప్పడం వల్ల ఒకేసారి దొరకని ఎత్తూ దగ్గరితనం రెండూ ఇక్కడ దొరుకుతాయి, గ్రిప్పుల కోణం కూడా మారదు. మధ్యరకం ఎత్తున్న మనిషికి ఈ మాత్రం చాలు. వెనక్కి జరిపే రకం నిజంగా చేతులు అందనివారికే అవసరం.

రైజర్ల అసలు పరీక్ష కేబుళ్ల దగ్గర ఉంటుంది. కంపెనీ క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేక్ పైపు, స్విచ్చుల వైర్లు అన్నీ పాత ఎత్తుకు సరిపడా పొడవుతోనే ఇస్తుంది. 20 మి.మీ. దాకా సాధారణంగా సర్దుకుంటాయి. 30 దాటితే అనుమానించాలి. 50 అంటే పొడవాటి కేబుళ్లు, పొడవాటి బ్రేక్ పైపు కూడా కొనడానికి సిద్ధపడాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ, బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఏబీఎస్ బళ్లలో ముందు బ్రేక్ పైపు ఏబీఎస్ యూనిట్ దాకా వెళ్లి తిరిగి రావడం వల్ల, దాన్ని మార్చి గాలి తీయించడం రోడ్డు పక్కన అయ్యే పని కాదు.

నా పాత 350 సీసీ బండికి మొదటిసారి రైజర్లు వేయించినప్పుడు మెకానిక్ అరగంటలో పని ముగించి, నిలబెట్టిన బండి మీద కూర్చోబెట్టి "చూడండి సార్, ఎంత హాయిగా ఉందో" అన్నాడు. హాయిగానే ఉంది. ఇంటికి వెళ్తూ ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకోవడానికి హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పగానే ఇంజన్ తనంతట తాను రేజ్ అయ్యి బండి ముందుకు ఉరికింది. క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. యాక్సిలరేటర్ కేబుల్‌ను పాత ట్యాగ్‌తో ఫ్రేముకు కట్టి వదిలేయడం వల్ల, హ్యాండిల్ తిరిగినప్పుడు అది బిగుసుకుని లోపలి తీగను లాగేసింది. ట్యాగ్ కోసి కేబుల్‌ను వేరే దారిలో తెచ్చాక అంతా సరిపోయింది, కొత్త భాగం ఏదీ కొననవసరం రాలేదు. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో ఉంచి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా తిప్పుతూ ఇంజన్ చప్పుడు వింటాను. చప్పుడు రవ్వంత మారినా రోడ్డెక్కను. ఇంజన్ ఆపి, ముందు చక్రం గాల్లో ఉండేలా లేపి మళ్లీ ఒకసారి తిప్పి చూడాలి, ఎందుకంటే ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు బ్రేక్ పైపుకు ఇంకా ఎక్కువ పొడవు కావాలి.

రైజర్లు కొనేటప్పుడు చూడవలసినవి ఎక్కువేమీ లేవు గానీ ఉన్నవి గట్టివి. గొట్టం వ్యాసానికి సరిపోవాలి: మామూలు హ్యాండిళ్లు 22 మి.మీ., కొన్ని బళ్లలో కనిపించే, మధ్యలో లావుగా చివర్లలో సన్నగా ఉండే హ్యాండిళ్లు క్లాంపు దగ్గర సాధారణంగా 28.6 మి.మీ. ఉంటాయి. వ్యాసం కుదరకపోతే మధ్యలో రేకు ముక్క చుట్టి బిగిస్తామనే మెకానిక్‌కు నమస్కారం పెట్టి వచ్చేయాలి. రైజర్‌తో పాటు వచ్చిన పొడవాటి బోల్టు కింది అల్యూమినియంలోకి కనీసం 12 మి.మీ. దిగాలి. ఒకదాని మీద ఒకటి రెండు రైజర్లు పేర్చడం ఎంతమాత్రం తగదు. కొన్ని బళ్లలో కింది క్లాంపు రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. వాటికి ఎత్తైన రైజర్లు పెడితే బ్రేక్ వేసినప్పుడు హ్యాండిల్ ముందుకు ఊగినట్టు అనిపిస్తుంది.

హ్యాండిల్‌నే మార్చడం

ఇక్కడ ఎంపిక కంటికి నచ్చినదాన్ని బట్టి జరిగిపోతుంటుంది. అడగవలసినవి నాలుగు కొలతలు: ఈ చివర నుంచి ఆ చివరికి వెడల్పు, క్లాంపు నుంచి గ్రిప్పు దాకా ఎత్తు, వెనక్కి ఎంత వంగి ఉంది, గ్రిప్పు దగ్గర లోపలికి ఎంత కోణంలో తిరిగి ఉంది. పాతదాన్ని టేపుతో కొలిచి, వీటిలో ఏది ఎంత మారాలో కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్తే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి. చూడ్డానికి బాగుంటుందని వేయించుకునే సూటి హ్యాండిల్ దాదాపు ఎప్పుడూ చేతులను కిందికీ ముందుకూ తీసుకుపోతుంది. హాయి కోసం కాదు, హాయిని వదులుకోవడానికి వేసుకునేది అది. వెడల్పాటిది ఛాతీని విప్పుతుంది, మట్టిరోడ్డులో పట్టు ఇస్తుంది, కానీ కోఠీ ట్రాఫిక్‌లో రెండు ఆటోల మధ్య సందు వెతుక్కునేవారికి అదే శాపం. పైగా చేతులు పక్కకు చాచడం వల్ల గ్రిప్పులు మరింత దూరంగా అనిపిస్తాయి. భుజాల కంటే ఎత్తున చేతులు వేలాడదీసే హ్యాండిళ్ల గురించి ఒక్క మాట చాలు: అరగంట ప్రయాణానికి మించి వాటితో సుఖం ఉండదు.

పాత హ్యాండిల్‌లో స్విచ్చుల బుడిపెకు ఉన్న రంధ్రం కొత్తదానిలో ఉండదు. దాన్ని సరైన చోట డ్రిల్ చేయాలి. చేయకుండా బుడిపెను కోసేసి బిగిస్తే యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా స్విచ్చుల డబ్బా కూడా కొద్దికొద్దిగా తిరుగుతూ పోతుంది. చివరల్లో ఉండే బరువులు అలంకారం కాదు, ఇంజన్ అదురును తగ్గించేవి. వాటిని తీసేస్తే కొత్త హ్యాండిల్ ఎంత సరిగ్గా అమరినా వేళ్లు మొద్దుబారడం ఆగకపోవచ్చు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది; తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చడం కుదరదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది; అదే సంవత్సరపు సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు ఏర్పడింది. ఆర్సీ కార్డు మీద హ్యాండిల్ వివరం ఉండదు కనుక చిన్న మార్పులను ఎవరూ పట్టించుకోరన్న వాదన వినిపిస్తుంటుంది గానీ, ప్రమాదం జరిగి బీమా క్లెయిమ్ దగ్గరికి వచ్చినప్పుడు ఆ వాదన మీద ఆధారపడాలని నాకు లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వంటి కంపెనీలు కొన్ని మోడళ్లకు తమ సొంత యాక్సెసరీగా వేరే హ్యాండిళ్లు అమ్ముతాయి. ధర ఎక్కువైనా మార్చాలనుకునేవారికి నేను ముందు చూపించేది అదే దారి. ఉన్న హ్యాండిల్‌ను ఉన్న క్లాంపులోనే తిప్పుకునేవారికి ఈ బెడద లేదు.

క్లిప్‌ఆన్‌లు

యమహా ఆర్15, పల్సర్ ఎన్‌ఎస్200, కాంటినెంటల్ జీటీ 650 లాంటి బళ్లలో హ్యాండిల్ రెండు విడి ముక్కలుగా ఫోర్కు గొట్టాలకు బిగించి ఉంటుంది. ఇక్కడ చేయగలిగింది తక్కువ. ముక్క కదలకుండా ఉండడానికి చాలా వాటికి ఒక బుడిపె ఉంటుంది, దాని పరిధిలో కోణం కాస్త మారవచ్చు, అంతే. అంతకు మించి తిప్పితే పూర్తి మలుపులో బొటనవేలు ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య నలుగుతుంది. కొందరు ఫోర్కు గొట్టాలను, వాటిని పైన పట్టి ఉంచే టీ ప్లేటులో పైకి కిందికి జరిపి క్లిప్‌ఆన్ ఎత్తు సర్దుతారు. దాంతో బండి ముందుభాగం ఎత్తు, మలుపులో దాని నడక రెండూ మారిపోతాయి కాబట్టి హాయి కోసం ఆ పని చేయకూడదు. ఎత్తు పెంచే విడి క్లిప్‌ఆన్‌లు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి గానీ, రోజూ 40 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో నడిపే మనిషి ఆర్15ను కమ్యూటర్ బండిగా మార్చే ప్రయత్నం కంటే కమ్యూటర్ బండి కొనుక్కోవడం తెలివైన పని. ఉన్న బండితోనే ఉండదలిస్తే మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టి, ఒంటి బరువును నడుము, తొడలతో మోయడం అలవాటు చేసుకోవాలి. నిజానికి అది ఏ హ్యాండిల్ ఉన్నవారికైనా పనికొచ్చేదే.

ఎవరికి ఏది?

నగరంలోనే తిరిగే, మణికట్టు నొప్పితో బాధపడే మనిషికి లివర్ల కోణం, ఆ తర్వాత హ్యాండిల్ తిప్పడం. డబ్బు ఖర్చు పెట్టవలసిన అవసరం దాదాపు రాదు. ఆరడుగుల మనిషి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వంటి బండి మీద ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడుపుతుంటే వంగవలసి వస్తుంది, అతనికి 20 నుంచి 30 మి.మీ. రైజర్లు నిజంగా ఉపయోగపడతాయి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి చేతులు అందకపోతే ముందు సీటు చూడాలి, ఎందుకంటే సీటు మీద వెనగ్గా కూర్చుంటే ఏ హ్యాండిలైనా దూరమే. సీటు సరిచేశాక కూడా అందకపోతే వెనక్కి జరిపే రైజర్లు. వేళ్లు లివర్ దాకా అందనివారు దూరం సర్దుకునే చక్రం ఉన్న లివర్లు కొనుక్కుంటే చాలు. నడుము నొప్పి ఉన్నవారు రైజర్లతో హ్యాండిల్ ఎత్తకపోవడం మంచిది. కొద్దిగా ముందుకు వంగిన భంగిమే చాలాసార్లు వారి వెన్నుకు మేలు, కాబట్టి వారు హ్యాండిల్‌ను కాస్త ముందుకు తిప్పి చూడవచ్చు.

ఏది ఎంచుకున్నా ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కీడు జరిగిందో తెలియదు. వంద కిలోమీటర్లు నడిపాక క్లాంపు బోల్టుల బిగువు మరోసారి చూసుకోవాలి. వైట్‌నర్ గీతను చెరపకూడదు. నా బండి గొట్టం మీద ఇప్పుడు రెండు గీతలున్నాయి, వాటి మధ్య దూరం ఒక మిల్లీమీటరు. ఆ రైజర్లు మూడేళ్లుగా అటక మీద ఉన్నాయి.